కడపలో హోటల్ సూట్: పదిమంది స్నేహితులకు ఒక్కటి చాలుతుందా?

ఆరుగురికి హాయిగా ఉంటుంది. ఏడో మనిషి సర్దుకోగలడు. పదిమంది అంటే మాత్రం సూట్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. దాని పక్కనో ఎదురుగానో మామూలు డబుల్ రూమ్ ఒకటి జత చేసుకోండి. కడప టౌన్‌లో స్టార్ స్థాయి హోటళ్ళ సూట్లు చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి. హాలు, బెడ్‌రూమ్, ఒకటిన్నర బాత్రూమ్ (ఒకటి పూర్తిది, ఇంకొకటి స్నానానికి వీలులేని చిన్నది). కాబట్టి ఈ రివ్యూ ఏ ఒక్క హోటల్ గురించీ కాదు, ఆ అచ్చు గురించి.

పదో తరగతి బ్యాచ్ కలుసుకోవడానికనో, స్నేహితుడి పెళ్ళికనో, గండికోట చూడ్డానికనో పదిమంది ఒకేసారి దిగుతారు. నాలుగు గదులు తీసుకుంటే తలుపులు మూసుకుని ఎవరి పాటికి వాళ్ళు పడుకుంటారు, రాత్రి కబుర్లకు చోటే ఉండదు. అందుకే అందరి చూపూ సూట్ మీద పడుతుంది. ఆ ఆశ సరైనదే. పెద్ద సోఫా, టీవీ, నడుమ ఖాళీ ఉన్న హాలు పదిమందిని కూర్చోబెట్టి మాట్లాడించినట్టు డబుల్ రూమ్ ఎన్నటికీ చేయలేదు. కూర్చోవడానికి సూట్‌కు పూర్తి మార్కులు వేయొచ్చు. చిక్కంతా పడుకోవడం దగ్గర, అంతకన్నా ఎక్కువగా పొద్దున్నే లేవడం దగ్గర.

ముందు పడక లెక్క చూద్దాం. బెడ్‌రూమ్ 12 అడుగులకు 14, హాలు 12కు 16 అనుకోండి. కింగ్ సైజ్ మంచం ఆరడుగుల వెడల్పు. ముగ్గురు పడుకుంటే ఒక్కొక్కరికి రెండడుగులు, అంతే. హాల్లో సోఫాకు మూడడుగులు, టీవీ బల్లకు అడుగున్నర పోతే మిగిలేది ఏడున్నర అడుగుల పట్టీ. సెంటర్ టేబుల్ గోడకు నెట్టేస్తే ఆ పట్టీలో 6 అడుగులకు 3 ఉండే ఎగస్ట్రా పరుపులు నాలుగు వరసగా పడతాయి. కాళ్ళ దగ్గర అడుగున్నర దారి, తలుపు దగ్గర నాలుగడుగుల జాగా మిగులుతుంది. ఆ జాగాలో ఐదో పరుపు వేయొద్దు. రాత్రి ఏదైనా జరిగి పదిమందీ ఒక్కసారిగా బయటపడాల్సి వస్తే ఉన్నది ఆ ఒక్క తలుపే. సోఫా మీద ఒకరు. ఇంతవరకు ఎనిమిదిమంది. మిగతా ఇద్దరికి మంచానికి అటూ ఇటూ మూడడుగుల సందులు ఉన్నాయి, పరుపు సరిగ్గా పడుతుంది కూడా. కానీ పడ్డాక నడవడానికి అంగుళం మిగలదు. మంచం మీదివాడు రాత్రి బాత్రూమ్‌కు పోవాలంటే కిందివాడిని తొక్కాల్సిందే. కాగితం మీద పదిమంది పట్టే లెక్క ఇక్కడే తప్పుతుంది.

పరుపులు ఎన్ని ఇస్తారో బుకింగ్ రోజే తేల్చుకోండి. సూట్‌కు ఒకటో రెండో అదనపు పరుపులు ఇవ్వడం మామూలు రివాజు. నాలుగు కావాలంటే రిసెప్షన్‌లో "ఏం కాదు సార్, వచ్చాక చూసుకుందాం" అంటారు. ఆ మాట పట్టుకుని వస్తే రాత్రి పదకొండుకు స్టోర్‌లో పరుపులు ఉండవు. శ్రీరామనవమి తర్వాత ఒంటిమిట్ట కల్యాణం రోజుల్లో, పెద్ద దర్గా ఉరుసప్పుడు, గట్టి పెళ్ళి ముహూర్తాలప్పుడు అసలే ఉండవు. "నాలుగు పరుపులు, నాలుగు దిండ్లు, నాలుగు దుప్పట్లు" అని విడివిడిగా వాట్సాప్‌లో రాయించుకోండి. పరుపు వచ్చి దుప్పటి రాకపోవడం తరచూ జరిగేదే. నున్నటి టైల్స్ మీద పలచటి ఫోమ్ పరుపు జారుతుంది, అడుగున మందపాటి దుప్పటి పరిస్తే కదలదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు మంచం వదిలేయండి. కింద పడుకోవడం వాళ్ళకు కష్టం కాదు, లేవడమే కష్టం.

ఇక బాత్రూమ్. రిసెప్షన్‌లో "రెండు బాత్రూములు" అంటే వెంటనే అడగాల్సింది: హాల్లోది స్నానానికి పనికొస్తుందా? చాలా సూట్లలో హాలు పక్కది వాష్ బేసిన్, కమోడ్ మాత్రమే ఉన్న చిన్న గది. షవర్ ఉండదు, గీజర్ ఉండదు. అంటే పదిమందికి స్నానాల గది ఒక్కటే.

గండికోటలో సూర్యోదయం చూడాలనుకునేవాళ్ళకు ఇది పెద్ద సమస్య. కడప నుంచి ఎనభై కిలోమీటర్ల చిల్లర, అందులో జమ్మలమడుగు దాటాక పదిహేను. పెన్నా లోయ మీద తొలి వెలుగు పడే వేళకు అంచున నిలబడాలంటే చలికాలంలోనైనా నాలుగున్నరకల్లా బండి కదలాలి. మే నెలలో అయితే పావు తక్కువ నాలుగుకే. మనిషికి పన్నెండు నిమిషాలు వేసుకున్నా ఒక్క బాత్రూమ్‌లో పదిమందికి రెండు గంటలు. చలికాలంలోనే మొదటివాడు రెండున్నరకు లేవాలి.

దానికి గీజర్ లెక్క కలపండి. మామూలుగా ఉండేది 25 లీటర్ల గీజర్, 2 కిలోవాట్లది. 27 డిగ్రీల నీళ్ళను 60 డిగ్రీలకు తేవడానికి దానికి దాదాపు అరగంట పడుతుంది. ఆ 25 లీటర్లలో చన్నీళ్ళు కలిపి ఒంటికి పట్టే 40 డిగ్రీలకు తెస్తే వచ్చేది అరవై లీటర్ల పైచిలుకు, అంటే మూడు బకెట్లు. ముగ్గురు పోసుకున్నాక అరగంట ఆగాలి. మళ్ళీ ముగ్గురు, మళ్ళీ అరగంట. పదోవాడి వంతు వచ్చేలోపు ఆగడానికే గంటన్నర పోయింది. షవర్ కింద నిలబడితే ఇంకా ఘోరం. నిమిషానికి ఎనిమిది, పది లీటర్లు పోతాయి కాబట్టి ఆరేడు నిమిషాలకు ఒకే మనిషి గీజర్ మొత్తం ఖాళీ చేస్తాడు. అందుకని హౌస్‌కీపింగ్‌కు ఫోన్ చేసి బకెట్, మగ్గు తెప్పించుకోండి. స్టార్ హోటళ్ళలో ఇవి అడిగితేనే వస్తాయి. సూట్‌లో బాత్ టబ్ ఉంటే ఆ రాత్రికి దాని జోలికి పోవద్దు, ఒక్కసారి నింపితే నూటయాభై లీటర్లు పోతాయి.

పక్కన డబుల్ రూమ్ ఒకటి తీసుకోమన్నది ఇందుకే. అందులో మంచం వల్ల వచ్చే లాభం కొంతే, అసలు లాభం రెండో గీజర్, రెండో కమోడ్. ఐదుగురు అక్కడ, ఐదుగురు ఇక్కడ. ఒక్క అరగంట విరామంతో గంటన్నరలో అందరూ తయారు. గీజర్ గదిలో కాకుండా మేడమీద సోలార్ నుంచో, బాయిలర్ నుంచో వేడినీళ్ళు వచ్చే హోటల్ అయితే వేళలు అడగండి. పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకానే వదిలేచోట మూడుగంటలకు పంపు తిప్పితే చల్లటి నీళ్ళే. ఏప్రిల్, మే నెలల్లో ఈ గొడవ లేదు. కడప ఎండకు ట్యాంకు నీళ్ళు తెల్లవారుజామున కూడా గోరువెచ్చగానే వస్తాయి.

ఆ రెండు నెలల్లో ఇబ్బంది ఏసీ వైపు మళ్ళుతుంది. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి వంద వాట్లకు పైగా వేడి వస్తుంది. పదిమంది హాల్లో చేరితే కిలోవాట్ దాటింది. ఒక టన్ను ఏసీ లాగేసేది మూడున్నర కిలోవాట్లు. అంటే హాల్లో టన్నున్నర ఏసీ ఉంటే అందులో అయిదోవంతు మీ గుంపుకే సరి. పైగా పడమటి గోడ, పెద్ద గాజు కిటికీ ఉంటే సాయంత్రం ఏడు దాకా గది చల్లబడదు. తూర్పో ఉత్తరమో ముఖం ఉన్న సూట్ అడగండి. మధ్యాహ్నం నుంచే తెరలు మూసి, ఏసీ వేసి ఉంచమని చెప్పండి. స్ప్లిట్ ఏసీలో 18 పెట్టినంత మాత్రాన గది త్వరగా చల్లబడదు. అర్ధరాత్రి కబుర్లయ్యాక 25కో 26కో మార్చండి. చల్లగాలి కిందికి దిగుతుంది కాబట్టి మంచం మీదివాడికి హాయిగా ఉన్నప్పుడు నేల మీదివాడు వణుకుతుంటాడు. ఏసీకి సరిగ్గా కింద పరుపు వేయొద్దు, డ్రెయిన్ పైపు పూడుకుపోతే నీళ్ళు మీదే పడతాయి. కరెంటు పోతే జనరేటర్ మీద ఏసీ నడుస్తుందా, లైట్లు ఫ్యాన్లేనా అన్నది కూడా అడగాలి.

చిన్న విషయమే గానీ పదిమందినీ చీకట్లో కూర్చోబెట్టేది కీ కార్డు. అది గోడకున్న పెట్టెలో ఉంటేనే కరెంటు. ఎవరో ఒకరు కారం దోసెకని బయటికి పోతూ కార్డు జేబులో వేసుకుపోతే లోపల ఏసీ, గీజర్, ఛార్జింగ్ అన్నీ ఆగిపోతాయి. రెండు కార్డులు అడిగి తీసుకోండి, ఒకటి గోడ మీంచి కదపకండి. ప్లగ్ పాయింట్లు మంచం చుట్టే ఉంటాయి, హాల్లో రెండు దొరికితే ఎక్కువ. ఇంటి నుంచి ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చుకుంటే పది ఫోన్లకూ చాలుతుంది. ఆ బోర్డుకే కెటిల్, ఇస్త్రీపెట్టె తగిలిస్తే మాత్రం ట్రిప్ అవుతుంది, లేకపోతే వైరు కాలుతుంది.

డబ్బు సంగతి. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. సూట్లు ఈ గీతకు దగ్గరగా వచ్చినప్పుడు జాగ్రత్తపడాలి. ఉదాహరణకు 7,400 సూట్ పన్నుతో కలిపి 7,770 అవుతుంది. 7,600 సూట్ 8,968 అవుతుంది. అద్దెలో తేడా రెండొందలు, బిల్లులో తేడా 1,198. అదే 9,500 సూట్‌కు తలా వెయ్యి చొప్పున నాలుగు పరుపులు కలిపితే 13,500, పన్నుతో 15,930. 3,500 డబుల్ రూములు మూడు తీసుకుంటే పన్నుతో 11,025. ఏడువేల సూట్, పక్కన 3,500 డబుల్ రూమ్ దొరికితే అదీ 11,025 దగ్గరే ఆగుతుంది. హాలూ ఉంటుంది, రెండు గీజర్లూ ఉంటాయి. రెండు పరుపులు అదనంగా తీసుకున్నా పదిమందికి ఇదే మేలైన బేరం. ఆ పరుపుల డబ్బు సూట్ అద్దెలో కలిపి 7,500 దాటిస్తారేమో కనుక్కోండి, దాటేట్టయితే రెండూ డబుల్ రూమ్ పేరున వేయించుకోండి. ఫోన్‌లో ధర అడిగేటప్పుడు "పరుపులు, పన్ను, అన్నీ కలిపి ఎంత?" అని ఒకే అంకె చెప్పించుకోవాలి.

పదిమంది పేర్లూ, గుర్తింపు కార్డుల వివరాలూ రిసెప్షన్‌లో ఇవ్వండి. ఆరుగురి పేర్లు రాయించి మిగతా నలుగురిని తర్వాత లిఫ్ట్‌లో పైకి పంపే ఆలోచన వద్దు. సీసీ కెమెరాలో తెలిసిపోతుంది, తెలిసిన రాత్రే బయటికి పంపే హక్కు హోటల్‌కు ఉంది. అగ్నిప్రమాదం లాంటిది జరిగితే లోపల ఎంతమంది ఉన్నారో చెప్పేది ఆ రిజిస్టరే. అమెరికా నుంచి వచ్చిన స్నేహితుడికి ఇప్పుడు అక్కడి పౌరసత్వం ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్ళకు ఇచ్చేది) ఉన్నా సరే, హోటల్ 24 గంటల్లో అతని వివరాలు ప్రభుత్వానికి పంపాలి. అతని పాస్‌పోర్ట్ చేతిలో ఉంచుకోమనండి, లేకపోతే అర్ధరాత్రి అందరి చెక్-ఇన్ ఆగుతుంది. ముంబై–చెన్నై లైన్ రైళ్ళలో వేళకాని వేళ దిగేవాళ్ళు చెక్-అవుట్ పద్ధతి కూడా అడగాలి. లాడ్జీల్లో 24 గంటల లెక్క ఉంటుంది, స్టార్ హోటల్‌లో రాత్రి రెండుకు దిగినా మధ్యాహ్నం పన్నెండుకు ఖాళీ చేయాలి.

టిఫిన్ ఉచితం అంటే ఎంతమందికో కూపన్లు లెక్కపెట్టుకోండి. గదికి ఇద్దరికే ఇస్తే మిగతావాళ్ళకు డబ్బు కట్టి హోటల్‌లో తినడం దండగ. ఎర్రకారం, పప్పులపొడి దట్టంగా పట్టించిన దోసె, ఉగ్గాని బజ్జీ బయటే బాగుంటాయి. సంగటి, నాటుకోడి పులుసు పార్సిల్ తెచ్చుకుంటే సోఫా మీద కాకుండా నేల మీద పేపర్లు పరచుకుని తినండి. పులుసు మరక పడితే సోఫా గుడ్డ ఖరీదు బిల్లులో వేస్తారు.

టెంపో ట్రావెలర్ మాట్లాడుకున్నవాళ్ళు ఇంకో మనిషిని లెక్కలో వేసుకోవాలి, డ్రైవర్‌ను. ఎనిమిదడుగులు దాటిన బండి చాలా హోటళ్ళ సెల్లార్‌లోకి దూరదు, రోడ్డు మీద పెట్టుకుని సీట్లోనే కునుకు తీయాల్సి వస్తుంది. తెల్లవారుజామున చీకట్లో మిమ్మల్నందరినీ గండికోటకు తీసుకుపోయేది అతనే. డ్రైవర్ల డార్మిటరీ ఉందా, అందులో ఫ్యాన్, బాత్రూమ్ ఉన్నాయా అని గది అడిగినప్పుడే అడగండి. లేకపోతే పక్క లాడ్జిలో అతనికో సింగిల్ రూమ్ తీసి, రాత్రి తొమ్మిదికల్లా అన్నం పెట్టించి పడుకోమనండి.