మందస కొండల్లో కరెంటు లేని బస, నీళ్ళకి లోటు లేని బస

కొండ మీద బస అనగానే అందరూ వ్యూ ఎలా ఉంటుందని అడుగుతారు. నేను మాత్రం నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయని అడుగుతాను. విజయనగరం జిల్లా ఎస్.కోట (శృంగవరపుకోట) వైపు ఒక చోట, శ్రీకాకుళం జిల్లా మందస ఏజెన్సీలో మరో చోట ఉండి వచ్చాక ఆ అలవాటు ఇంకా గట్టిపడింది. రెండు చోట్లా కరెంటు లైను లేదు, సోలార్ లైట్లే. నీళ్ళ దగ్గర మాత్రం నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా.

ఎస్.కోట వైపు బస చూడ్డానికి చాలా బాగుంటుంది. సరిగ్గా కొండ కొమ్మున కట్టారు. పొద్దున్నే లోయంతా మంచు పరుచుకుని ఉంటుంది. టైల్స్, షవర్, వెస్టర్న్ టాయిలెట్ అన్నీ ఉన్నాయి. కానీ అంత ఎత్తుకి నీళ్ళు వాటంతటవి ఎక్కవు, కింద నుంచి ట్రాక్టర్ ట్యాంకర్ రావాల్సిందే. మేమున్నప్పుడు వానకి దారి బురదై ట్రాక్టర్ రాలేదు. సాయంత్రానికి కుళాయిలు ఆగిపోయాయి. పసిపిల్లతో వచ్చిన ఒకావిడ బకెట్ పట్టుకుని గది గదికీ తిరిగింది. అక్కడ పనిచేసే కుర్రాళ్ళు ఇరవై లీటర్ల టిన్నులు భుజాన మోసుకొచ్చారు. మనిషికి రోజుకి 60 లీటర్లే అనుకున్నా పదిమందికి 30 టిన్నులు, అంటే 600 కిలోల బరువు! వాళ్ళు మోసిన నీళ్ళతో స్నానం చెయ్యాలంటే నాకు మనసొప్పలేదు.

అంత వాన పడుతుంటే చూరు కింద ఒక్క డ్రమ్ము కూడా పెట్టలేదన్నదే నా బాధ. వంద చదరపు మీటర్ల కప్పు మీద 20 మిల్లీమీటర్ల వాన పడితే రెండు వేల లీటర్లు. అందులో కొంత కారిపోయినా ఆ రోజు గడిచిపోయేది. యజమాని వాననీటి ట్యాంకు ఒకటి కట్టిస్తే మళ్ళీ వెళ్తాను, ఆ లోయ అలాంటిది.

మందసకి పలాసలో రైలు దిగి వెళ్ళాం. ఊళ్ళో కోవా కొనుక్కుని, మహేంద్రగిరి కొండ వైపు సవర గిరిజనుల గూడలు (చిన్న పల్లెలు) దాటి, రోడ్డు అయిపోయాక నడక. బస సాదాసీదాగా ఉంది: మట్టి గోడలు, రేకుల కప్పు, నవారు మంచాలు. ఎటు చూసినా చెట్లే, సముద్రం కనబడదు. ఇంకాస్త పైన కట్టాల్సింది కదా అంటే, బస చూసుకునే పెద్దాయన "ఊట పైనుంది బాబూ, అందుకే ఇల్లు కింద కట్టినాం" అన్నాడు.

మర్నాడు ఆయన వెంట గెడ్డ (కొండవాగు) పట్టుకుని పైకి వెళ్ళాం. రాళ్ళ సందులోంచి ఊట దిగే చోట చిన్న సిమెంటు తొట్టి ఉంది. పైపు తొట్టి అడుగున కాకుండా జానెడు పైన పెట్టారు, మట్టి కిందే పేరుకుంటుంది. పైపు మూతికి దోమతెర గుడ్డ చుట్టి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించారు. పెద్దాయన దాని మీద అంటుకున్న ఆకులు చేత్తో లాగేశాడు. తిరిగొస్తూ, పైపు చిన్న మిట్ట ఎక్కి దిగే చోట ఆగాడు. అక్కడ గాలి పట్టేస్తే పైన ఎన్ని నీళ్ళున్నా కుళాయికి రావట. జాయింటు కాస్త వదులు చెయ్యగానే బుస్సుమని గాలి, వెనకే ఎర్రనీళ్ళు, కాసేపటికి తేట నీళ్ళు వచ్చాయి. మళ్ళీ బిగించేశాడు. మోటారు లేదు, డీజిల్ లేదు. పది మీటర్ల ఎత్తు తేడాకి చదరపు సెంటీమీటరుకి దాదాపు ఒక కిలో ప్రెజర్ వస్తుంది, కుళాయికి అది చాలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక, ఈ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో రోజుల తరబడి కరెంటు లేక మోటార్లు ఆగిపోయి జనం తాగునీటికి అల్లాడారు. అందుకే ఈ ప్రాంతంలో గ్రావిటీ నీళ్ళ విలువ ఎవరికీ చెప్పక్కర్లేదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది వాళ్ళ పంపకం. పగలంతా ఆ పైపు నీళ్ళు గూడకే. అందరూ పడుకున్నాక వాల్వు తిప్పి బస ట్యాంకు నింపుకుంటారు. నిమిషానికి ఐదు లీటర్ల సన్న ధారైనా ఏడు గంటల్లో 2,100 లీటర్లు వస్తాయి. స్నానాల నీళ్ళు గెడ్డలోకి పోకుండా ఇంకుడు గుంత తవ్వారు, గట్టున అరటి వేశారు.

తాగేనీళ్ళ విషయంలో మాత్రం వాళ్ళతో ఏకీభవించలేను. ఊట నీళ్ళే కదా అని కుళాయి కింద చెంబు పెట్టి ఇచ్చేస్తున్నారు. తొట్టికి పైన పశువులు మేస్తున్నాయి. తేటగా ఉన్నంత మాత్రాన క్రిములు లేవని కాదు. వాన పడి నీళ్ళు మురికైతే క్లోరిన్ బిళ్ళ కూడా సరిగా పనిచెయ్యదు. ముందు గుడ్డతో వడకట్టి, తెర్లే దాకా మరగబెట్టాలి. అడిగితే విసుక్కోకుండా కాచి ఇచ్చారు. కానీ అడక్కుండానే ప్రతి గదిలో ఒక కుండ పెట్టాలి. భోజనం మామూలే, రాగి అంబలి మాత్రం బాగుంది.

ఏప్రిల్, మే నెలల్లో ఊట సన్నబడితే గూడకే చాలవు కాబట్టి అప్పుడు బుకింగులు తీసుకోరు. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు వెళ్ళండి. పవర్ బ్యాంక్, టార్చి మర్చిపోవద్దు.