రెమింగ్టన్ 788: జింకల వేటలో ఏళ్ల తరబడి వాడాక

అమెరికా కంపెనీ రెమింగ్టన్ చేసిన 788 వేట రైఫిల్‌ను చేతిలోకి తీసుకున్న ఎవరికైనా మొదట కనిపించేది దాని పేదరికమే. స్టాక్, అంటే భుజానికి ఆనించే భాగం, మామూలు చెక్క, పైన వాల్‌నట్ కలపను తలపించే రంగు. నగిషీ ఏమీ లేదు. బోల్టు కదిలే లోహపు భాగం, అంటే రిసీవర్, మొద్దుగా, గుండ్రని ఉక్కు గొట్టంలా ఉంటుంది. 1962లో వచ్చిన తన 700 మోడల్‌ను కొనే స్తోమత లేని వేటగాళ్ల కోసం ఆ కంపెనీ 1967 నుంచి 1983 వరకు దీన్ని తయారు చేసింది. నా దగ్గర ఉన్నది .308 వించెస్టర్ తూటాకు చేసినది. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రపు అడవుల్లో తెల్లతోక జింకల వేటకు ఎన్నో సీజన్లుగా దీన్నే తీసుకెళ్తున్నాను. ఇంతకాలం వాడాక నాకు కుదిరిన అభిప్రాయం ఒక్కటే: పొదుపు చేయదగ్గ చోటే పొదుపు చేశారు, చేయకూడని చోట చేయలేదు.

భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకల వేట నేరం. అక్కడి పాఠకులకు ఇక్కడి పద్ధతి కొత్తగా ఉండవచ్చు. పెన్సిల్వేనియాలో వేట మొత్తం రాష్ట్ర గేమ్ కమిషన్ చేతిలో ఉంటుంది. లైసెన్సు, నిర్ణీత రోజులు, కొట్టిన జింక వివరాలు తెలపడం, రైఫిల్ సీజన్‌లో తల, ఛాతీ, వీపు మీద కలిపి కనీసం 250 చదరపు అంగుళాల మెరిసే నారింజ రంగు, అన్నీ తప్పనిసరి. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ తర్వాతి తూటా దానంతటదే ఎక్కే సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌తో జింకను వేటాడడానికి ఇక్కడ అనుమతి లేదు. అందుకే ఈ రాష్ట్రంలో, ప్రతి తూటాకూ బోల్టు అనే కడ్డీని చేత్తో వెనక్కీ ముందుకీ కదపాల్సిన బోల్టు రైఫిళ్లకు అంత ఆదరణ.

ఇక గురి సంగతి. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. వంద గజాల దూరంలో, ఇసుక సంచి మీద ఆనించి, దుకాణంలో దొరికే 150 గ్రెయిన్ల (గ్రెయిన్ గుండు బరువుకు కొలత) మామూలు తూటాలతో కాల్చినా గుళ్లన్నీ అంగుళంన్నర లోపే పడతాయి. రైఫిల్‌కు నచ్చిన తూటా దొరికితే ఆ వలయం ఇంకా చిన్నదవుతుంది. ఇది అదృష్టం కాదు, నిర్మాణంలోనే ఉంది. తూటాలు నింపే పెట్టె, అంటే మ్యాగజైన్‌లో, అవి ఒకదానిపై ఒకటి ఒకే వరుసలో కూర్చుంటాయి కనుక రిసీవర్ అడుగున కోసిన సందు ఇరుకు. ఖాళీ తూటా బయటికి ఎగిరే కిటికీ కూడా చిన్నదే. అలా రిసీవర్‌లో ఉక్కు ఎక్కువగా మిగిలిపోయింది, కాల్చినప్పుడు అది వంగదు. పైగా ట్రిగ్గర్ నొక్కిన క్షణానికీ తూటాను పేల్చే ఫైరింగ్ పిన్ దాన్ని తాకే క్షణానికీ మధ్య వ్యవధి చాలా తక్కువ. చలికి వణికే చేతులతో మంచె మీద కూర్చున్న మనిషికి ఆ తేడా తెలుస్తుంది.

700 కంటే బాగా గురి కుదురుతోందనే దీని తయారీ ఆపేశారని వేటగాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. వినడానికి బాగున్నా నేను ఆ కథను నమ్మను. ఏ కంపెనీ అయినా చవక సరుకును ఆపడానికి ఖర్చు లెక్కలే చాలు.

బోల్టు అమరిక దీని అసలు ప్రత్యేకత. 700లో బోల్టు ముందు కొసన, దాన్ని రిసీవర్‌లో బిగించి ఉంచే రెండు పెద్ద బొడిపెలు, అంటే లగ్గులు, ఉంటాయి. 788లో తొమ్మిది చిన్న లగ్గులు, వరుసకు మూడు చొప్పున, బోల్టు వెనుక భాగంలో ఉంటాయి. అందువల్ల బోల్టు పిడిని 60 డిగ్రీలు ఎత్తితే చాలు, 700లో అయితే 90 ఎత్తాలి. మందపాటి చేతి తొడుగులు వేసుకున్నప్పుడు వేళ్లు పైనున్న స్కోప్‌కు (గురి చూసే దుర్భిణికి) తగలవు. రెండో తూటా చప్పున పేలే గదిలోకి వెళ్తుంది.

ఈ సౌకర్యానికి మూల్యం కూడా ఉంది. లగ్గులు వెనుక ఉన్నందున పేలుడు ఒత్తిడికి బోల్టు నిడివి మొత్తం రవ్వంత నొక్కుకుంటుంది, తూటా ఇత్తడి తొడుగు ఆ మేరకు సాగుతుంది. కొత్త తూటాలు కొనుక్కుని కాల్చే వేటగాడికి దీనితో పనిలేదు. వాడిన తొడుగులను మళ్లీ నింపుకునేవారు మాత్రం మందు పాళ్లు తగ్గించుకోవాలి, ప్రతి తొడుగు అడుగు భాగంలో సన్నని గీత ఏర్పడిందేమో చూసుకోవాలి. నేను కాల్చే తొడుగులను తక్కువసార్లే వాడి పక్కన పెట్టేస్తాను.

వాడినది కొనేటప్పుడు మొదట బోల్టు పిడినే చూడండి. దాన్ని బోల్టుకు అతికించి తయారు చేశారు. ఏళ్లు గడిచాక ఆ అతుకు ఊడిన సందర్భాలు ఈ మోడల్‌లో అందరికీ తెలిసినవే. అతుకు చుట్టూ పగులు ఉందేమో మంచి వెలుతురులో చూడాలి. ఊడితే తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ దాన్ని గట్టిగా వెల్డింగ్ చేయగలడు, కానీ ఆ ఖర్చును ముందే బేరంలో కలుపుకోవాలి.

రెండోది మ్యాగజైన్. ఊడదీసే రకం, మూడు తూటాలు పడతాయి. అసలు మ్యాగజైన్ పోతే దొరకడం కష్టం, దొరికినా ధర ఎక్కువ. నేను మరో తయారీదారు నుంచి ఒకటి తెప్పించాను. అంచుల వంపు సరిగా లేక తూటా ముక్కు పైకి లేచి ఇరుక్కునేది. దాన్ని షూటింగ్ రేంజ్‌కే పరిమితం చేశాను, అడవికి అసలుదే వస్తుంది. వేటలో మ్యాగజైన్‌ను విడిగా జేబులో వేసుకునే అలవాటు ఈ రైఫిల్‌కు పనికిరాదు. పడిపోతే మీ చేతిలో ఒంటి తూటా రైఫిల్ మిగులుతుంది.

పొరపాటున పేలకుండా ఆపే మీట, అంటే సేఫ్టీ, విషయంలో పాత, కొత్త తయారీల మధ్య తేడా ఉంది. తొలి ఏళ్ల రైఫిళ్లలో సేఫ్టీ వేస్తే బోల్టు కూడా బిగుసుకుంటుంది. తూటాను బయటికి తీయాలంటే సేఫ్టీని వదలక తప్పదు. తర్వాతి వాటిలో సేఫ్టీ వేసి ఉంచే బోల్టు తెరవవచ్చు. నేనైతే రెండో రకాన్నే కోరుకుంటాను, ఇంట్లో పిల్లలున్నవారికి మరీ గట్టిగా చెబుతాను. ట్రిగ్గర్ లోపల దశాబ్దాల నాటి నూనె జిగురుగా మారి ఉంటే కడిగించి, పొడిగా వాడండి. గడ్డకట్టే చలిలో ఆ జిగురు ప్రమాదకరం.

స్టాక్ వెనుక పలక గట్టిది, .308 దెబ్బ భుజానికి బాగానే తెలుస్తుంది. రబ్బరు తొడుగు వేస్తే సరిపోతుంది. 150 గ్రెయిన్ల గుండు వంద గజాల దగ్గర రెండు అంగుళాలు పైన తగిలేలా స్కోప్‌ను సరిచేశాను, రెండు వందల దగ్గర అది ఇంచుమించు సూటిగా తగులుతుంది. దట్టమైన అడవిలో వంద గజాలు దాటి కాల్చే అవకాశమే అరుదు. ముందుకాళ్ల వెనుక, ఊపిరితిత్తుల మీద సరిగా తగిలిన జింక ఎక్కువ దూరం పోదు. జంతువును బాధపెట్టకుండా పడగొట్టడం వేటగాడి మొదటి బాధ్యత, నమ్మకంగా ఒకే చోట కొట్టే రైఫిల్‌కు నేను విలువిచ్చేది అందుకే.

ఎడమచేతి వాటం వారి కోసం .308 తూటాకూ 6 మిల్లీమీటర్ రెమింగ్టన్ అనే తూటాకూ ఎడమవైపు బోల్టుతో కొన్ని చేశారు. చవక రైఫిళ్లలో వారిని పట్టించుకున్న కంపెనీలు ఆ రోజుల్లో ఎన్నో లేవు. అలాంటిది కనబడితే వదులుకోవద్దు. మిగతావారు స్టాక్ మీది గీతలను చూసి ధర తగ్గించమని అడగండి, అసలు మ్యాగజైన్ రెండోది కూడా ఇస్తానంటే మాత్రం కాస్త ఎక్కువైనా ఇచ్చి తీసుకోండి.