చెవిలో గవ్వ: నవలలో ఊహించినదీ, ఇప్పటి వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ ఇస్తున్నదీ

రే బ్రాడ్‌బరీ 1953లో రాసిన ‘ఫారెన్‌హీట్ 451’ నవలలో కథానాయకుడు మాంటాగ్ భార్య మిల్డ్రెడ్ చెవుల్లో రెండు బుల్లి గవ్వలుంటాయి. కుట్టేటప్పుడు వేలికి పెట్టుకునే తొడుగంత రేడియోలవి. వాటిని చెవిలోకి గట్టిగా దిగేసుకుని, రాత్రంతా పాటలూ మాటలూ వింటూ పడుకుంటుంది. ట్రాన్సిస్టర్‌తో చేసిన వినికిడి యంత్రాలు 1952 చివర్లోనే అమ్మకానికొచ్చాయి కాబట్టి ఆ ఊహకి కొంత ఆధారం ఉంది. అయినా రెండు చెవుల్లోనూ తీగ లేని బడ్స్ పెట్టుకుని జనం తిరగడానికి ఇంకో అరవై ఏళ్లు పట్టింది. అన్నాళ్లు ఎందుకు పట్టిందో తెలిస్తే, ఇప్పుడు బడ్స్ కొనేటప్పుడు ఏం చూడాలో తెలిసిపోతుంది.

నవలలో అన్నిటికన్నా బాగా కుదిరింది ఆ ‘గట్టిగా దిగేసుకోవడం’. బడ్స్ బాగా వినపడటమన్నది డ్రైవర్ (లోపలి బుల్లి స్పీకర్) సైజు కంటే చెవిలోకి దూరే సిలికాన్ టిప్ బిగుతు మీదే ఎక్కువ ఆధారపడుతుంది. సన్నటి సందు ఉన్నా బేస్, అంటే డప్పులాంటి లోతైన ధ్వని, అంతా బయటికి పోతుంది. పెట్టెలోంచి తీయగానే మీడియం టిప్స్‌తో సరిపెట్టుకోవద్దు. మన రెండు చెవి రంధ్రాలూ ఒకే కొలత ఉండాలనేం లేదు, ఒకవైపు స్మాల్, రెండోవైపు మీడియం పడటం మామూలే. బడ్ పెట్టి, కాస్త వెనక్కి తిప్పి, పాట పెట్టి నోరు పూర్తిగా తెరిచి మూయండి. దవడ కదిలినప్పుడల్లా బేస్ పడిపోతుంటే టిప్ చిన్నదైందన్నమాట. అరగంటలో నొప్పి మొదలైతే పెద్దదైంది.

నాయిస్ క్యాన్సిలేషన్‌కీ ఇదే ప్రాణం. బయటి చప్పుడుకి ఎదురు తరంగం పుట్టించి దాన్ని అణచొచ్చని పాల్ ల్యూగ్ 1936లోనే అమెరికాలో పేటెంట్ తీసుకున్నాడు. 1950లో సైన్స్ ఫిక్షన్ రచయిత ఆర్థర్ సి. క్లార్క్ దీని మీదే ఒక కథ రాశాడు. అంటే ఇక్కడ కథకుడి కంటే ఇంజనీరే ముందున్నాడు. సుమారు 1000 హెర్ట్జ్ కింద ఉండే ఇంజన్ హోరు, ఫ్యాన్ రొద ఈ పద్ధతికి బాగా లొంగుతాయి. మనుషుల మాటలు, పళ్లేల చప్పుడు అంతగా లొంగవు, వాటిని ఆపేది టిప్ బిగుతే. గాలి వీస్తున్నచోట మైకుల్లో బుసబుస మొదలైతే ఆ మోడ్ ఆపేయడమే మేలు.

తీగ లేకపోవడంలో అసలు చిక్కు మన తలే. బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర, ఆ తరంగాలని నీరు పీల్చుకుంటుంది, ఒళ్లంతా నీరే. గదిలో గోడల మీద పడి తిరిగొచ్చే సిగ్నల్ ఆదుకుంటుంది. మైదానంలో ఆ ఆసరా ఉండదు. ఫోన్ వెనక జేబులో, ప్రధాన బడ్ (ఫోన్ సిగ్నల్‌ని నేరుగా అందుకునేది) రెండోవైపు చెవిలో ఉంటే పాట తెగితెగి వస్తుంది. బడ్స్ పాడయ్యాయని తిప్పి పంపే ముందు ఫోన్‌ని పైజేబులోకి మార్చి చూడండి.

ఇదే నవలలో ఫేబర్ అనే ముసలాయన మాంటాగ్‌కి ఆకుపచ్చ తూటాలాంటి పరికరం ఇస్తాడు. అది వినిపిస్తుంది, వింటుంది కూడా. గవ్వ కంటే ఇదే ఇప్పటి బడ్‌కి దగ్గరి చుట్టం. మైకు పనిచెయ్యాల్సి వచ్చేసరికి చాలా బడ్స్ తడబడతాయి. కాల్ మొదలవగానే సంగీతానికి వాడే బ్లూటూత్ పద్ధతి ఆగి, కాల్స్ పద్ధతి అందుకుంటుంది. పాతవాటిలో శాంప్లింగ్ (సెకనులో ధ్వనిని ఎన్నిసార్లు కొలుస్తుందన్న లెక్క) 8 కిలోహెర్ట్జ్‌కీ, మెరుగైనవాటిలో 16కీ పడిపోతుంది. లాప్‌టాప్‌లో మీటింగ్ పెట్టగానే పాట డబ్బాలోంచి వస్తున్నట్టు వినపడేది అందుకే. లాప్‌టాప్ సొంత మైకుని ఎంచుకుని, బడ్స్‌ని వినడానికే వాడితే ఆ బాధ తప్పుతుంది.

బ్యాటరీ విషయంలో ఆశలు తగ్గించుకోవాలి. బడ్‌లో ఉండేది సాధారణంగా 40 నుంచి 60 ఎంఏహెచ్, ఫోన్‌లో ఉన్నదానిలో వందో వంతు. జిగురుతో మూసేస్తారు కాబట్టి మార్చడం దాదాపు కుదరదు. రోజూ వాడితే రెండేళ్లకి బలం తగ్గడం తెలుస్తుంది. ఎండలో ఆగిన కారులో కేస్ వదిలేస్తే ఇంకా ముందే. ఒక బడ్ ఛార్జ్ కావట్లేదంటే మాత్రం బ్యాటరీ పోయిందనుకోకండి, చాలాసార్లు తప్పు గులిమిదీ చెమటదీ. బడ్ మీదున్న లోహపు చుక్కల్నీ, కేస్ అడుగునున్న పిన్నుల్నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కాస్త తడిపిన దూదిపుల్లతో తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టండి. బడ్‌లో ధ్వని బయటికొచ్చే చోట ఉన్న జాలీలోకి సూది పోనివ్వద్దు, గులిమి ఇంకా లోపలికి పోతుంది. బడ్‌ని జాలీ కిందికి వచ్చేట్టు పట్టుకుని పొడి మెత్తని బ్రష్‌తో దులపాలి. ఐపీఎక్స్4 అంటే తుంపర్లకి తట్టుకుంటుందనే అర్థం. కేస్‌కి ఆ రక్షణ ఉందో లేదో విడిగా చూసుకోవాలి.

మిల్డ్రెడ్‌లా రాత్రంతా పెట్టుకోవడం మాత్రం వద్దు. పెద్దవాళ్లకి వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్ వరకే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. పదేళ్లు గవ్వలు వాడి ఆమెకి ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పోల్చుకోవడం వచ్చేసిందని రాశాడు బ్రాడ్‌బరీ. ఇప్పుడు బయటి మాటని లోపలికి పంపే ట్రాన్స్‌పరెన్సీ మోడ్ ఉంది. రోడ్డు మీద నడిచేవాళ్లు ఈ మోడ్ సరిగ్గా లేని బడ్స్ కొననే కొనొద్దు.

ఇక అనువాదం. 1945లో మరే లైన్‌స్టర్ రాసిన ‘ఫస్ట్ కాంటాక్ట్’ కథ నుంచీ మాటని అనువదించే యంత్రం కథల్లో తిరుగుతూనే ఉంది. బడ్స్ పెట్టె మీద ఆ మాట చూసి డబ్బు ఎక్కువ పెట్టకండి. సాధారణంగా ఆ పని చేసేది ఫోనూ, అవతలి సర్వరూ. మాటని అక్షరాలుగా మార్చి, అనువదించి, మళ్లీ గొంతుగా చేసేసరికి ఆలస్యం తప్పదు. తెలుగుతో ఇంకో చిక్కుంది. ‘ఆ పని రేపటికల్లా పూర్తి చేయ’ దాకా విన్నా యంత్రానికి సంగతి తేలదు, ఆ తర్వాత ‘గలను’ వస్తుందో ‘లేను’ వస్తుందో దాన్నిబట్టి వాక్యమే తిరగబడుతుంది. తొందరపడితే తప్పు చెబుతుంది, ఆగితే సంభాషణ తెగుతుంది. దారి అడగడానికి, పలకరింపులకి వాడుకోండి. మాట మీద ఏదైనా నిలబడి ఉందంటే, పొట్టి వాక్యాల్లో మాట్లాడి, ఫోన్ తెర మీద వచ్చిన అక్షరాలు ఇద్దరూ చదివాకే సరే అనుకోండి.