చాలాకాలం వాడాక చెబుతున్నా: 5 సెంటీమీటర్ల ఐస్ క్యూబ్ ట్రే

ఓల్డ్ ఫ్యాషన్డ్, నెగ్రోనీ లాంటి కాక్‌టెయిల్స్ ఇంట్లో కలుపుకుని నిదానంగా తాగే అలవాటుంటే పెద్ద ఐస్ ట్రే కచ్చితంగా కొనొచ్చు. నేను వాడేది మూత ఉన్న సిలికాన్ ట్రే, 5 సెంటీమీటర్ల క్యూబులు వస్తాయి. రెండున్నర సెంటీమీటర్ల ముక్కలు 8 కలిస్తే ఇందులోని ఒక్క ముక్కంత ఐస్. కానీ ఆ ఎనిమిదింటికీ డ్రింక్ తగిలే మేర రెట్టింపు, అందుకే అవి త్వరగా కరిగిపోతాయి. పెద్ద ముక్క వేస్తే చివరి గుక్క కూడా చప్పబడదు.

అలాగని మందు నేరుగా దీని మీద పోసేస్తే సరిపోదు. కాక్‌టెయిల్‌లో కొంత నీళ్లు కలవాల్సిందే, లేకపోతే ఘాటు తప్ప ఏమీ తెలియదు. మిక్సింగ్ గ్లాసులో మామూలు ఐస్‌తో బాగా తిప్పి, వడకట్టి, అప్పుడు పెద్ద ముక్క మీద పోస్తాను. చల్లబరిచే పని చిన్న ముక్కలది, ఆ చల్లదనాన్ని నిలిపే పని దీనిది.

ట్రే కొనేముందు గ్లాసు కొలుచుకోండి. ఈ క్యూబ్ ఒక మూల నుంచి ఎదుటి మూలకు 7 సెంటీమీటర్ల పైనే ఉంటుంది. గ్లాసు లోపలి వెడల్పు అంతకంటే తక్కువైతే ముక్క అడుగుదాకా దిగదు. గుండ్రటి అచ్చులు నాకు నచ్చలేదు. అంతే వెడల్పున్న బంతిలో ఐస్ దాదాపు సగమే, పైగా అతుకు దగ్గర నీళ్లు కారతాయి.

అసలు సమస్య వాసన. సిలికాన్ ఫ్రీజర్‌లోని వాసనలన్నీ పట్టేస్తుంది, మూత ఉన్నా సరే. ఒక ముక్క కరిగించి ఆ నీళ్లు తాగి చూస్తే ఇట్టే తెలిసిపోతుంది. బేకింగ్ సోడా నీళ్లలో నానబెడితే తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. గడ్డకట్టగానే ముక్కలు తీసి గాలి చొరని డబ్బాలో వేయడమే మేలు.

మధ్యలో తెల్లటి మబ్బు రావడం మామూలే. అన్ని వైపుల నుంచీ గడ్డకడుతుంది కాబట్టి గాలి లోపల చిక్కుకుంటుంది. నీళ్లు మరగబెట్టినా పెద్ద తేడా ఉండదు. అద్దంలా కావాలంటే చిన్న ఐస్‌బాక్స్‌లో (పక్కల నుంచి, అడుగు నుంచి చలి తగలనివ్వని మందపాటి గోడల డబ్బా) నీళ్లు పోసి, మూత లేకుండా ఫ్రీజర్‌లో పెట్టాలి. పైనుంచి కిందికి గడ్డకడుతూ గాలిని అడుగుకు నెట్టేస్తుంది. అడుగు గట్టిపడకముందే తీసి, రంపపు పళ్ల కత్తితో కోసుకోవచ్చు. శ్రమే, కానీ చూడటానికి ఎంత బాగుంటుందో!

ఇంకొకటి. ఫ్రీజర్ నుంచి తీయగానే ముక్క మీద తెల్లటి మంచుపొడి ఉంటుంది. అది పోయి తడిగా మెరిసేదాకా ప్లేటులో ఉంచండి. ముందే పోస్తే టప్‌మని నిలువునా పగులుతుంది, ఇక చిన్న ముక్కలు వేసినట్టే.