మెట్ల కింద అమరాన్: ఎనిమిదేళ్ళ తర్వాత

2017 ఏప్రిల్‌లో ఇన్వర్టర్ కోసం కొన్నాను. 150 ఆంపియర్ అవర్ల కెపాసిటీ ఉన్న అమరాన్ ట్యూబులర్ బ్యాటరీ. అంతకుముందు వాడింది మూడేళ్ళకే పడకేసింది, దాని కంపెనీ పేరు ఇప్పుడెందుకులెండి. తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంటి మెట్ల కిందికి దీన్ని చేర్చడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది, యాభై కిలోల పైమాటే.

మూడు ఫ్యాన్లు, నాలుగు ఎల్ఈడీ బల్బులు, వైఫై. మొదటి రెండేళ్ళు ఈ లోడు మీద దాదాపు ఐదు గంటలు లాగింది. ఇప్పుడు రెండున్నర. ఎనిమిదేళ్ళు నిండాక ఇంకా అడిగితే అత్యాశే.

కారు బ్యాటరీలో పలకలు పలచగా ఉంటాయి. ఇంజన్ స్టార్ట్ అయ్యేదాకా ఒక్క ఊపు కరెంటు ఇస్తే వాటి పని అయిపోతుంది. గంటల తరబడి ఖాళీ అవుతూ, మళ్ళీ నిండుతూ ఉంటే పలకల మీది మందు, అంటే కరెంటు నిలవుంచే పదార్థం, రాలిపోతుంది. ట్యూబులర్‌లో పాజిటివ్ వైపు సీసపు కడ్డీల చుట్టూ గొట్టాల్లాంటి తొడుగులుంటాయి, మందు వాటిలోనే నిలబడుతుంది. ఇన్నేళ్ళు రావడానికి అదే కారణం.

దీనితో చాకిరీ అంతా నీళ్ళదే. ఛార్జ్ అయ్యేటప్పుడు లోపలి నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోయి బయటికి పోతుంది, ఆసిడ్ మాత్రం అక్కడే ఉంటుంది. అందుకే డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే పొయ్యాలి. బోరు నీళ్ళు అసలొద్దు, మా బోరు నీళ్ళకి కుళాయిలే తెల్లగా పొర కడతాయి. 2021 వేసవిలో రెండు నెలలు నీటి మట్టం చూపించే ఫ్లోట్ల వైపే చూడలేదు. పలకలు బయటపడి, ఒక గంట బ్యాకప్ పోయింది. తప్పు పూర్తిగా నాదే. నేను క్యాన్ పట్టుకుని పోతుంటే మా అమ్మ, "మనకే ట్యాంకర్ నీళ్ళు, దానికి గూడా పొయ్యాల్నా?" అంది.

తమాషా ఏమిటంటే, అమరాన్ చేసే అమరరాజా కంపెనీ బ్యాటరీలు మొదలెట్టిందే నీళ్ళడగని రకంతో. దాన్ని పెట్టిన గల్లా రామచంద్రనాయుడు గారిది మన చిత్తూరు జిల్లా పేటమిట్ట. ఇక్కడే ఎస్వీ యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్, రూర్కీలో అప్లైడ్ ఎలక్ట్రానిక్స్, ఆ తర్వాత అమెరికాలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ. అక్కడే అణు విద్యుత్ కేంద్రాల పనుల్లో ఇంజనీరుగా చేశారు. తిరిగొచ్చి 1985లో అమరరాజా పెట్టారు. రేణిగుంట దాటితే కరకంబాడిలో ఫ్యాక్టరీ. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలకు, రైల్వేలకు వీఆర్‌ఎల్‌ఏ, అంటే సీల్డ్ బ్యాటరీలు చేశారు. వాటిలో పుట్టిన ఆక్సిజన్ లోపలే మళ్ళీ నీరవుతుంది, మూత తీసే పనే లేదు. కార్ల కోసం అమరాన్ పేరు 2000లో వచ్చింది, అమెరికా కంపెనీ జాన్సన్ కంట్రోల్స్ భాగస్వామ్యంతో.

మరి నేనూ ఆ సీల్డ్ రకమే కొనొచ్చు కదా? షాపులో అడిగాను. "మెట్ల కింద ఆ వేడికి అది లోపలే ఎండిపోతే నీళ్ళు పొయ్యడానికి దారుండదు సార్, ట్యూబులరే నయం" అన్నాడు. సరుకు అమ్మేవాడి మాటే అయినా, ఇందులో తిరకాసు కనబడలేదు నాకు. మే నెలలో మా మెట్ల కింద చెయ్యి పెడితే ఎవరికైనా తెలుస్తుంది.

టెర్మినళ్ళ మీద తెల్ల పొడి పేరుకుంటే వేడినీళ్ళతో తుడిచి వాజలీన్ రాస్తాను. అంతే, వేరే రిపేరు రాలేదు.

వచ్చే వేసవి గడిచాక మారుస్తాను, మళ్ళీ ట్యూబులరే. నెలకోసారి మోగేలా ఫోన్లో అలారం పెట్టాను. దాని పేరు "మెట్ల కింద దాహం".