సరుకులివ్వాలా, డబ్బులిస్తే చాలా?

యుద్ధానికి భయపడి ఇల్లు వదిలినా సరిహద్దు దాటకపోతే, ఆ కుటుంబాన్ని చట్టం శరణార్థి అనదు. 1951 నాటి శరణార్థుల ఒప్పందం వాళ్లకు వర్తించదు. 1998లో ఐక్యరాజ్యసమితి ఇచ్చిన మార్గదర్శక సూత్రాల ప్రకారం వాళ్లను చూసుకోవాల్సింది సొంత ప్రభుత్వమే. ఆ ప్రభుత్వమే ఒక్కోసారి యుద్ధంలో ఒక పక్షం! కాబట్టి చాలా చోట్ల సాయం సహాయ సంస్థల చేతుల మీదుగా వస్తుంది. అది మూటగా రావాలా, నోట్లుగా రావాలా?

మనిషికి రోజుకు 2,100 కిలోకాలరీల లెక్కన రేషన్ కడతారు. కాగితం మీద బాగానే ఉంటుంది. గింజల మూట అందుకున్న తల్లి మాత్రం ముందు మర వెతుక్కోవాలి. ఆడించడానికి డబ్బుల్లేక అందులోంచే కొన్ని గింజలు కొలిచిస్తుంది. సబ్బుకీ పిల్లాడి మందుకీ ఇంకొన్ని అమ్ముతుంది, అదీ వచ్చిన ధరకి. "రేషన్ అమ్ముకుంటున్నారు" అని ముఖం చిట్లించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అమ్మక ఏం చేస్తుంది? పైగా ఇలాంటి కుటుంబాల్లో చాలామంది శిబిరాల్లో ఉండరు, అద్దె గదుల్లోనో చుట్టాలిళ్లలోనో ఉంటారు. ఇంటివాడు అద్దె కింద నూనె డబ్బా తీసుకోడు కదా.

2022లో ఉక్రెయిన్‌లో మనిషికి నెలకు 2,220 హ్రివ్నియాలు (అక్కడి కరెన్సీ) ఇచ్చారు. బ్యాంకులు నడిచాయి, చాలా ఊళ్లలో దుకాణాల్లో సరుకు ఉంది. అలాంటి చోట మూటలు మోయించడం లారీ ఖర్చు దండగ. డబ్బిస్తే తాగి తగలేస్తారన్న అనుమానం పాతదే, అధ్యయనాల్లో అది పెద్దగా నిలబడలేదు. అసలు టెన్షన్ వేరే, ఆ డబ్బు అందుకోవడం: గుర్తింపు కార్డు కాలిన ఇంట్లో ఉండిపోతుంది, సిమ్ భర్త పేరు మీద ఉంటుంది, ఆయన జాడ తెలియదు.

సూడాన్‌కి వస్తే ఈ లెక్క తారుమారు. 2024లో అక్కడి అంతర్యుద్ధంలో ఎల్ ఫాషర్ నగరాన్ని ముట్టడించాక సరుకు రావడం కష్టమైంది, నోట్లకూ కటకట. పక్కనే ఉన్న జమ్‌జమ్ శిబిరంలో కరువు ఉందని ఆగస్టులో తేల్చారు. కొనడానికి సరుకే లేనప్పుడు డబ్బు పంచితే ఉన్న కాస్త సరుకు ధర ఇంకా పెరుగుతుంది. సూడాన్‌లో చాలా చోట్ల జనాన్ని ఆదుకున్నది కుర్రాళ్లు నడిపిన ఉమ్మడి వంటశాలలు. వాటికి విదేశాల్లో ఉన్నవాళ్లు పంపిన డబ్బు ఆసరా.

కూపన్ల మాట ఎత్తను, అవి చెల్లే కొట్టు దగ్గర్లో ఉంటేనే పనికొస్తాయి. నన్నడిగితే, అంగడి తెరిచి ఉన్న చోట డబ్బే మేలు, కార్డు లేకపోయినా ఆ తల్లి పేరు మీదే ఇవ్వాలి. ముట్టడిలో ఉన్న ఊరికి మాత్రం లారీలు కదలాలి, అవి చేరేదాకా ఆ వంటశాలలకు డబ్బు పంపాలి.