సొంత మెయిల్ సర్వర్: నేరుగా పంపడమా, రిలే పెట్టుకోవడమా?

మా బడి పూర్వ విద్యార్థుల సంఘానికి పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్‌తో సొంత మెయిల్ సర్వర్ నడుపుతున్నాను. ఒకసారి వార్షిక సమావేశం ఆహ్వానాలు పంపిన మూడో రోజున మా లెక్కల మాస్టారు ఫోన్ చేసి, "నాకు కబురే లేదేంటయ్యా" అన్నారు. గుండె జారిపోయింది. ఇంకా వెళ్లని మెయిళ్ల వరుసను (క్యూ) చూపే మెయిల్‌క్యూ కమాండ్ కొట్టి చూస్తే ఆయన ఉత్తరం ఇంకా మా సర్వర్లోనే ఉంది. మనం సెట్టింగులు మార్చకపోతే పోస్ట్‌ఫిక్స్ 5 రోజుల పాటు ప్రయత్నిస్తూనే ఉంటుంది. ఆ తర్వాతే మెయిల్ వెనక్కి వస్తుంది, ఈలోపు పంపినవాళ్లకు ఏ హెచ్చరికా అందదు.

ఇలాంటప్పుడు చాలామంది "రిలే పెట్టెయ్" అంటారు. అంటే మన సర్వర్ మెయిల్‌ని వేరే పంపిణీ సేవకు అప్పజెబితే, అది తన ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) నుంచి చేరవేస్తుంది. అది మంచి దారే. కానీ లాగ్ (సర్వర్ రాసుకునే చిట్టా) చదవకుండా ఆ దారి పట్టొద్దని గట్టిగా చెబుతాను.

ఆరోజు లాగ్‌లో కనిపించింది అవతలి సర్వర్ ఇచ్చిన 450 4.7.25 అనే కోడ్. నాలుగుతో మొదలయ్యే కోడ్ అంటే తాత్కాలికం, ఐదుతో మొదలైతే తిరస్కారం. నాలుగు చూడగానే గ్రేలిస్టింగ్ అనుకుంటాం, కొత్త సర్వర్‌ని కాసేపాగి రమ్మంటున్నారులే అని. కానీ చివరి 7.25 చెప్పేది వేరు: మీ ఐపీకి పేరు దొరకడం లేదు అని. మా ఐపీవీ4 చిరునామాకు పీటీఆర్ రికార్డు (ఐపీకి పేరేమిటో చెప్పేది) పెట్టాను. మెయిల్ మాత్రం ఐపీవీ6 మీదుగా వెళ్తోంది, దానికి పెట్టలేదు. పోస్ట్‌ఫిక్స్‌ని ఐపీవీ4కే పరిమితం చేసి క్యూని ఫ్లష్ చేస్తే (ఆగినవన్నీ మళ్లీ పంపమంటే) నిమిషంలో కదిలింది. రిలే పెట్టి ఉంటే తప్పు అలాగే ఉండిపోయేది, పైగా నెలనెలా డబ్బు.

నేరుగా పంపడంలో నాకు నచ్చేది ఇదే. అవతలి సర్వర్ ఇచ్చిన 250 (అంటే "తీసుకున్నాను") జవాబు మన లాగ్‌లోనే ఉంటుంది. రిలే ఉంటే మన లాగ్‌లో కనిపించే 250 రిలే ఇచ్చినది. అసలు మెయిల్ చేరిందో లేదో తెలియాలంటే వాళ్ల డ్యాష్‌బోర్డులో వెతకాలి. పైగా ఉత్తరంలో ఏముందో వాళ్ల సర్వర్‌కు కనిపిస్తుంది.

అయినా కొన్నిచోట్ల రిలేకి తిరుగులేదు. గూగుల్ క్లౌడ్ లాంటివి సర్వర్లు ఒకదానికొకటి మెయిల్ ఇచ్చుకునే 25వ పోర్టును బయటికి వెళ్లకుండా మూసి ఉంచుతాయి, అక్కడ 587వ పోర్టు మీద రిలేయే దిక్కు. ఐపీని మనకంటే ముందు వాడినవాళ్లో, పక్క ఐపీలవాళ్లో స్పామ్ పంపి బ్లాక్‌లిస్టులోకి ఎక్కించి ఉంటే, మన రికార్డులు ఎంత శుభ్రంగా ఉన్నా లాభం లేదు. రసీదులు, ఓటీపీలు పంపే వ్యాపారమైతే ఆలోచించకుండా రిలే తీసుకోండి. ఓటీపీ గంట ఆలస్యమైతే ఎందుకూ పనికిరాదు.

రిలే పెట్టినా ఎస్‌పీఎఫ్ (మన డొమైన్ తరఫున ఏ సర్వర్లు పంపవచ్చో చెప్పే జాబితా), డీకిమ్ (మెయిల్ మీద డొమైన్ పేరుతో ఉండే డిజిటల్ సంతకం), డీమార్క్ (ఆ రెంటిలో ఒకటైనా మెయిల్‌లో కనిపించే పంపినవారి డొమైన్‌తో సరిపోవాలనే నియమం) బాధ్యత మనదే. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కు పంపే ప్రతివారికీ ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఒక్కటైనా ఉండాలి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా పంపేవారికి రెండూ, వాటితోపాటు డీమార్క్ కూడా తప్పనిసరి చేశారు. చాలా రిలేలు బౌన్సుల (చేరక వెనక్కి వచ్చే మెయిళ్ల) కోసం కవరు మీది పంపినవారి చిరునామాను తమదిగా మార్చుకుంటాయి. అప్పుడు ఎస్‌పీఎఫ్ వాళ్ల డొమైన్‌కు పాసవుతుంది, మన డీమార్క్‌కు పనికిరాదు. మన డొమైన్ పేరుతో డీకిమ్ సంతకం ఉంటేనే గట్టెక్కుతాం. రిలేకి మారాక మెయిళ్లన్నీ స్పామ్‌లో పడుతుంటే ముందుగా ఇదే చూడండి.

ఈ రెంటిలో ఒకటే ఎంచుకోవాలని లేదు. మేం ఎక్కువ మెయిళ్లు నేరుగానే పంపుతాం. మా ఐపీని ఎంత బతిమాలినా ఒప్పుకోని డొమైన్‌ను మాత్రం ట్రాన్స్‌పోర్ట్ మ్యాప్‌లో (ఏ డొమైన్ మెయిల్ ఏ దారిన వెళ్లాలో చెప్పే పోస్ట్‌ఫిక్స్ ఫైల్లో) రాసి రిలేకి మళ్లించాం. ఇప్పుడు ఆ ఫైల్లో ఒకే ఒక్క లైన్ ఉంది. నెలకోసారి దాన్ని తీసేసి, ఒక పరీక్ష ఉత్తరం నేరుగా పంపి చూస్తుంటాను.